2147483647 ప్రధాన సంఖ్యేనా? మరి ప్రోగ్రాం ఎందుకు కాదంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మీరు జావాలో రాసుకున్న ప్రైమ్ చెకింగ్ ప్రోగ్రాంకి 2147483647 ఇస్తే, కాసేపు కదలకుండా ఉండి చివరికి ‘ప్రైమ్ కాదు’ అంది. నెట్‌లో ఎక్కడ చూసినా ప్రైమ్ అనే ఉంది. రెండోది, కంప్యూటర్లు లేని రోజుల్లో ఇంత పెద్ద సంఖ్యని ప్రైమ్ అని ఎవరు, ఎలా తేల్చారు? మూడోది, ఇన్ని ప్రధాన సంఖ్యలుండగా దీనికే ఇంత పేరెందుకు?

ముందు టెన్షన్ తీరే మాట చెప్తాను. ఇది ప్రధాన సంఖ్యే. తప్పు మీ ప్రోగ్రాంది. కాకపోతే అది సరిగ్గా ఈ సంఖ్య దగ్గరే బయటపడే తప్పు, అందుకే ముందు అక్కడ మొదలుపెడతాను.

ఎన్ అంటే పరీక్షించే సంఖ్య, ఐ అంటే 2 నుంచి ఒక్కొక్కటీ పెరుగుతూ దాన్ని భాగించి చూసే సంఖ్య. మీ లూప్ (మళ్ళీ మళ్ళీ తిరిగే భాగం) షరతు ఇది: ఐ ఇంటూ ఐ విలువ ఎన్‌ని దాటనంతవరకూ తిరుగు, ఐ తో ఎన్ నిశ్శేషంగా పోతే ‘ప్రైమ్ కాదు’ అని చెప్పి ఆగు. లెక్కగా చూస్తే వంక పెట్టేది లేదు. ఏ సంఖ్యకైనా కారణాంకాలుంటే వాటిలో చిన్నది వర్గమూలం దాటదు. 2147483647 వర్గమూలం 46340కీ 46341కీ మధ్య ఉంది. అంటే ఐ 46341 కాగానే లూప్ ఆగిపోవాలి, ఎందుకంటే 46341ని 46341తో గుణిస్తే 2147488281 వస్తుంది. మన సంఖ్య కంటే 4634 ఎక్కువ.

ఈ 4634ని గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

కానీ జావాలో మామూలు పూర్ణసంఖ్యల రకమైన ఇంట్‌కి పట్టే అతిపెద్ద విలువే 2147483647. 2147488281 అందులో పట్టదు. పట్టనప్పుడు జావా ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు చెయ్యకుండా చుట్టు తిరిగి మైనస్ 2147479015 అని రాసుకుంటుంది. మైనస్ సంఖ్య ఎన్ కంటే చిన్నదే కదా, లూప్ ముందుకే పోతుంది. అసలు ఇంట్‌లో పట్టే ఏ విలువా 2147483647ని మించదు కాబట్టి, ఈ ఒక్క సంఖ్యకి మీ షరతు ఎప్పటికీ తప్పు కాదు. ఐ అలా పెరుగుతూ పెరుగుతూ రెండు వందల కోట్లు దాటి, చివరికి తానే 2147483647 అవుతుంది. ఆ సంఖ్యని ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం సున్నా. ‘కారణాంకం దొరికింది, ప్రైమ్ కాదు’ అంటుంది మీ ప్రోగ్రాం. ఆ కాసేపు కదలకపోవడం ఇదే.

ఐ ఇంటూ ఐ బదులు, ‘ఎన్‌ని ఐ తో భాగిస్తే వచ్చిన భాగఫలాన్ని ఐ దాటనంతవరకూ’ అని రాస్తే సరిపోతుంది. లేదా ఐ ని లాంగ్ (ఇంట్ కంటే పెద్ద విలువలు పట్టే రకం) చెయ్యండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే తప్పు సీ లో చేశాను. అక్కడ ఇంకా ఘోరం, ఇలా పొంగిపోతే ఏం జరుగుతుందో సీ భాష ఏ హామీ ఇవ్వదు. ఒక కంపైలర్‌తో ఒక జవాబు, ఇంకోదానితో ఇంకోటి వచ్చేది. రెండు రోజులు కంపైలర్‌ని తిట్టుకున్నాక తెలిసింది తప్పు నాదేనని.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఇంట్‌లో 32 బిట్లుంటాయి, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్ళు. ఒకటి ప్లస్సా మైనస్సా అనేదానికి పోతే 31 మిగుల్తాయి. ఆ ముప్పై ఒక్కటిలోనూ ఒకట్లే నింపితే వచ్చేది 2³¹−1. మన లెక్కలో చెప్పాలంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఈ సంఖ్య గురించి చెప్పుకునే ప్రతి విశేషమూ ఈ ‘31 ఒకట్ల వరుస’ నుంచే పుడుతుంది. పేరుమోసిన ఇంట్ పరిమితీ అదే, పేరుమోసిన ప్రధాన సంఖ్యా అదే కావడం మాత్రం కాకతాళీయం. 16 బిట్ల ఇంట్‌కి గరిష్ఠం 32767. అది 7 × 31 × 151, ప్రధాన సంఖ్య కాదు. 64 బిట్ల లాంగ్‌కి గరిష్ఠం 2⁶³−1, దాన్ని 7 రెండు సార్లు భాగిస్తుంది. 8 బిట్లకి 127 ప్రైమ్. 32 బిట్లకి మన సంఖ్య ప్రైమ్. అదృష్టం అంతే.

రెండుకి ఏదో ఒక ఘాతం వేసి, అందులోంచి ఒకటి తీస్తే వచ్చే ఇలాంటి ప్రధాన సంఖ్యలని మెర్సెన్ ప్రైములంటారు. ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే ఇది కూడా కాదు. పైన 15, 63 విషయంలో జరిగింది అదే. మరి ఘాతం ప్రధానమైతే చాలా? చాలదు. 11 ప్రధాన సంఖ్యే కానీ 2¹¹−1 అంటే 2047, అది 23 × 89. 2²³−1కి 47 కారణాంకం, 2²⁹−1కి 233 కారణాంకం. వరసలో 2, 3, 5, 7, 13, 17, 19 ఘాతాలకి ప్రైములొస్తాయి. ఎనిమిదోది 31. ఫ్రాన్స్‌లో మెర్సెన్ అనే మతగురువు 1644లో 257 వరకూ ఏ ఘాతాలకి ప్రైములొస్తాయో ఒక జాబితా ఇచ్చాడు. అందులో 31 ఉంది, కానీ రుజువు లేదు. జాబితాలో తప్పులూ ఉన్నాయి. 67, 257 ఉండకూడదు, 61, 89, 107 ఉండాల్సింది. అంటే ఆయన 31 అన్నాడు కదా అని నమ్మడానికి వీల్లేదు.

రుజువు 1772లో ఆయిలర్ అనే గణితవేత్త ఇచ్చాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, వయసు 65, చూపు దాదాపు పోయింది. తోటి గణితవేత్త బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పాడు. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

మామూలు పద్ధతిలో అయితే 46340 వరకూ ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. అవి 4792. పది అంకెల సంఖ్యని చేత్తో 4792 సార్లు భాగించడం, ఎక్కడా పొరపాటు లేకుండా. ఎవరి వల్ల అవుతుంది? ఆయిలర్ భాగించడం మొదలుపెట్టే ముందు, ‘అసలు దీన్ని భాగించే అర్హత ఎవరికుంది?’ అని అడిగాడు.

2³¹−1ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఒకటుందనుకుందాం. దాన్ని ‘ప’ అందాం. అప్పుడు 2³¹ని ‘ప’తో భాగిస్తే శేషం 1. ఇప్పుడు 2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేసుకుంటూ పోయి, ప్రతిసారీ ‘ప’తో భాగించిన శేషం రాసుకోండి. 31వ అడుగులో 1 వస్తుంది, అక్కణ్ణుంచి మళ్ళీ అదే వరుస. 31 ప్రధాన సంఖ్య కాబట్టి ఈ చక్రం అంతకంటే చిన్నది అయ్యే అవకాశం లేదు. ఇంకోపక్క ఫెర్మా సిద్ధాంతం ఉంది: ఏ ప్రధాన సంఖ్య ‘ప’కైనా, ప−1 అడుగులు వేసేసరికి శేషం 1 రావాల్సిందే. 31 అడుగులకోసారి తిరిగే చక్రం సరిగ్గా ప−1 దగ్గర ముగియాలంటే ప−1 అనేది 31 ఎక్కంలో ఉండాలి. పైగా ‘ప’ బేసి సంఖ్య కాబట్టి ప−1 సరిసంఖ్య. అంటే 62 ఎక్కంలో ఉండాలి. కాబట్టి భాగించే అర్హత 63, 125, 187, 249 ఇలా 62 తేడాతో పోయే సంఖ్యలకే ఉంది. 46340 లోపు ఇలాంటివి 747.

ఇంకో వడపోత ఉంది, నాకు ఎక్కువ నచ్చేది అదే. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶కి వర్గం, అంటే 65536కి వర్గం. అంటే ‘ప’ లోకంలో 2 ఒక వర్గసంఖ్య అయిపోయింది, దానికి 65536 వర్గమూలం. ఎనిమిదితో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే ప్రధాన సంఖ్యల దగ్గర మాత్రమే 2కి ఇలా వర్గమూలం ఉంటుంది. 3, 5 మిగిలేవి తప్పుకోవాలి. రెండు షరతులూ కలిపితే ‘ప’ని 248తో భాగిస్తే 1 మిగలాలి, లేదా 63 మిగలాలి. దీంతో 747లో 373 మిగిలాయి. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివాటిని పక్కనపెడితే చివరికి పని ఎనభై, ఆ చుట్టుపక్కల భాగాహారాలు. నాలుగు వేల ఏడువందల పైచిలుకు నుంచి ఎనభైకి.

మొదటివి నాలుగు చూడండి: 63, 249, 311, 497. 63 మూడు ఎక్కంలో ఉంది, 249 కూడా, 497 ఏడు ఎక్కంలో. మిగిలింది 311. దాంతో భాగించడానికి పది అంకెల సంఖ్యని ముట్టుకోనక్కర్లేదు. 2¹⁰ అంటే 1024, 311 మూళ్ళు 933 పోతే 91. దాన్ని వర్గం చేస్తే 8281, 311 ఇరవయ్యారులు 8086 పోతే 195. ఇది 2²⁰కి శేషం. 195ని 91తో గుణిస్తే 17745, 311 యాభై ఏడులు 17727 పోతే 18, ఇది 2³⁰కి. రెట్టింపు చేస్తే 36, ఇది 2³¹కి. రావాల్సింది 1, వచ్చింది 36. 311 అవుట్. తరవాత నిలబడేవి 1303, 1489. వాటికి చివర్లో 227, 200 వస్తాయి, 1 రాదు. అవీ అవుట్.

డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి ఈ ఎనభై చిల్లర భాగాహారాలని క్లాసులో నలభైమందికి తలా రెండు చొప్పున పంచాను. గంటన్నర పట్టింది. మధ్యలో వెనక బెంచీ నుంచి ‘సార్, నిశ్శేషంగా పోయింది!’ అని ఒక కేక. క్లాసంతా అక్కడ మూగింది. తీరా చూస్తే గుణకారంలో ఒక ఒకటి మీదకి వెయ్యడం మర్చిపోయాడు. ఆ కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడుగానీ, ఆయిలర్ పని ఎంత జాగ్రత్తగా చేసి ఉండాలో మిగతావాళ్ళకి అప్పుడే అర్థమైంది. ఎనభైలో ఒక్కచోట జారినా రుజువంతా పోయినట్టే.

అంతకుముందు 1732లో ఇదే ఆయిలర్ ఇదే తరహా వడపోతతో 2³²+1ని 641 భాగిస్తుందని చూపించాడు. అది ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మేవాడు. ఒకే కిటుకు, ఒకచోట కారణాంకాన్ని పట్టిచ్చింది, ఇంకోచోట కారణాంకం లేదని తేల్చింది.

ఆ తరవాత చాలా దశాబ్దాలపాటు 2147483647 తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అతిపెద్దదిగా ఉండిపోయింది. దీన్నీ 2³⁰నీ గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ తానే వచ్చే సంఖ్య, 6, 28 లాగా. 1811లో ఇంగ్లండ్‌లో పీటర్ బార్లో అనే గణితవేత్త, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యని ఎవరూ కనుక్కోరు, ఎందుకంటే ఇవి సరదాకే తప్ప పనికిరావు, ఎవరు మాత్రం శ్రమపడతారు అని రాశాడు. 1876లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 39 అంకెల 2¹²⁷−1 ప్రధానమని చూపించాడు, దాంతో ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్యా దొరికింది. 2024 అక్టోబరులో ‘రెండుకి 13 కోట్ల 62 లక్షల 79 వేల 841 ఘాతం మైనస్ ఒకటి’ బయటపడింది. 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. నేనిది రాసేసరికి తెలిసినవాటిలో పెద్దది అదే. సరదాకి శ్రమపడేవాళ్ళని బార్లో తక్కువ అంచనా వేశాడు.

అన్ని అంకెల దాన్ని భాగించి చూడరు కదా, మరి ఎలా తేలుస్తారు? లూకా మొదలుపెట్టి, లేమర్ సులువు చేసిన పరీక్ష ఒకటుంది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసెయ్యండి, మీ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. చిన్న ఉదాహరణకి 2⁵−1, అంటే 31 తీసుకోండి. మూడుసార్లు చెయ్యాలి. 4 నుంచి 14. 14 నుంచి 194, అందులో 31 ఆర్లు 186 పోతే 8. 8 నుంచి 62, అది 31 రెళ్ళు, శేషం సున్నా. అయిపోయింది. మన 2147483647కి ఇదే పని 29 సార్లు చేస్తే సున్నా వస్తుంది. మీరు కోడ్ రాస్తే పది లైన్లు దాటదు. మధ్యలో వచ్చే వర్గాలు ఇంట్‌లో పట్టవు, లాంగ్ వాడండి, మళ్ళీ అదే గోతిలో పడకండి.

ఈ భాగాహారాలన్నీ కంప్యూటర్‌కి ఎందుకు సులువో చెప్తే 31 ఒకట్ల మహిమ ఇంకోసారి కనిపిస్తుంది. చిన్నప్పుడు తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో చూడటానికి అంకెలు కూడేవాళ్ళం కదా. పదిని తొమ్మిదితో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి పదుల స్థానం, వందల స్థానం అన్నీ ఒకట్ల స్థానంతో సమానమైపోతాయి. ఇక్కడ 2³¹కి శేషం 1. కాబట్టి ఎంత పెద్ద సంఖ్యనైనా బైనరీలో రాసి, కుడివైపు నుంచి 31 బిట్ల చొప్పున ముక్కలు కోసి, ముక్కలన్నీ కూడితే చాలు. భాగాహారమే అక్కర్లేదు. ఇందాకటి 46341 వర్గాన్నే చూడండి. 2147488281లో 2³¹ ఒకటి, మిగిలింది 4633. రెండూ కూడితే 4634. గుర్తుపెట్టుకోమన్నది ఇదే. హ్యాష్‌లు (డేటాని చిన్న సంఖ్యగా కుదించే లెక్కలు) రాసేవాళ్ళు మెర్సెన్ ప్రైముల వెంట పడేది ఈ సౌకర్యం కోసమే.

వర్గమూలాలు కూడా ఇంతే సులువు. ఈ సంఖ్యతో భాగించిన శేషాల లోకంలో ఒక సంఖ్యకి వర్గమూలం ఉంటే, దాన్ని వరసగా 29 సార్లు వర్గం చేసుకుంటూ పోతే ఆ వర్గమూలమే చేతికొస్తుంది. వర్గం చేస్తే వర్గమూలం రావడమేంటి అనిపిస్తుంది, నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. మన సంఖ్యకి ఒకటి కలిపితే 2³¹, దాన్ని నాలుగుతో భాగిస్తే 2²⁹, ఆ ఘాతానికి ఎత్తడమే వర్గమూలం తీసే సూత్రం. అందుకని అలా కుదిరింది.

అయితే ఈ లక్షణమే ఒక ఉచ్చు కూడా. పెద్ద సంఖ్య ప్రధానమా కాదా అని త్వరగా చూడటానికి చాలామంది ఫెర్మా పరీక్షో, మిల్లర్–రాబిన్ పరీక్షో రాసి (ఒక సంఖ్యని ఆధారంగా తీసుకుని దాని ఘాతాల శేషాలు చూసే పరీక్షలివి), 2 ఆధారంగా నడిపి ఊరుకుంటారు. మెర్సెన్ సంఖ్యల దగ్గర అది శుద్ధ దండగ. 2047నే తీసుకోండి. 2¹¹కి శేషం 1, 2046 చూస్తే 11 ఎక్కంలోనే ఉంది, కాబట్టి పరీక్ష దానంతటదే పాసైపోతుంది. 2047 మాత్రం 23 × 89. ఘాతం ప్రధానమైతే చాలు, 2 ఆధారంగా ప్రతి మెర్సెన్ సంఖ్యా పాసే. పరీక్ష పేపరు రాసినవాడే పరీక్ష రాసినట్టు. ఇంట్ పరిధిలో పని అయితే మిల్లర్–రాబిన్‌ని 2, 7, 61 మూడింటితోనూ నడపండి, 32 బిట్లలోపు ఏ సంఖ్యకీ తప్పు జవాబు రాదు. కాన్పూర్ ఐఐటీ నుంచి 2002లో అగ్రవాల్, కయాల్, సక్సేనా ఇచ్చిన పద్ధతి గురించి కూడా మీరు విని ఉంటారు. సిద్ధాంతంగా అది చాలా గొప్పది, కానీ రోజువారీ వాడకానికి నిదానం. మీ పనికి అక్కర్లేదు.

నమ్మకం కోసం ఇంకో రుజువు కావాలంటే ఉంది, దీన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. మన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 2147483646. ఇది 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331. గుణించి చూసుకోండి. ఇప్పుడు 7ని 2147483646 ఘాతానికి ఎత్తితే శేషం 1 వస్తుంది. ఆ ఘాతాన్ని 2, 3, 7, 11, 31, 151, 331లలో దేనితో భాగించి ఎత్తినా 1 రాదు. అంటే 7 ఘాతాలు ఎక్కడా మధ్యలో తిరిగి రాకుండా 2147483646 శేషాలన్నిటినీ చుట్టేసి వస్తాయి. ప్రధాన సంఖ్య దగ్గర తప్ప ఇది జరగదు. 2 అయితే 31 అడుగులకే ఇంటికి చేరుతుంది, 7 ఊరంతా తిరిగి వస్తుంది.

ఊరంతా తిరిగే ఈ గుణాన్నే ర్యాండమ్ నంబర్లకి వాడుకున్నారు. 7కి అయిదో ఘాతం 16807. 5 అనేది పైన చెప్పిన కారణాంకాల్లో లేదు కాబట్టి 16807 కూడా ఊరంతా తిరుగుతుంది. 1తో మొదలుపెట్టి ప్రతిసారీ 16807తో గుణించి 2147483647తో భాగించిన శేషం తీసుకుంటే 16807, 282475249, 1622650073, 984943658 అంటూ చూడటానికి ఏ క్రమమూ లేనట్టు పోతుంది. 1988లో పార్క్, మిల్లర్ ఇద్దరూ ఏ ర్యాండమ్ జనరేటరైనా కనీసం ఇంత బాగుండాలి అని దీన్ని కొలబద్దగా పెట్టారు. మీరు సరిగ్గా రాశారో లేదో చూడటానికి ఒక గుర్తు కూడా ఇచ్చారు: 1తో మొదలుపెడితే పదివేలోది 1043618065 రావాలి. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఇప్పటికీ ఇది ఉంది. ఇక్కడా మీ సమస్యే ఎదురవుతుంది, గుణిస్తే 32 బిట్లలో పట్టదు. అందుకని మన సంఖ్యని 16807 × 127773 + 2836గా విడగొట్టి, పొంగకుండా లెక్క చేసే కిటుకు పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇవాళ లాంగ్ ఉంది కాబట్టి దాంతో పన్లేదు. ఆటలకి, చిన్న సిమ్యులేషన్‌లకి ఫరవాలేదు. ఓటీపీలకి, పాస్‌వర్డ్‌లకి మాత్రం దీన్ని దగ్గరికి రానివ్వకండి, ఒక్క నంబర్ తెలిస్తే తరవాతవన్నీ చెప్పెయ్యొచ్చు.

పేరు సంగతికొస్తే, సగం పేరు లెక్కలవాళ్ళ వల్ల, సగం బగ్గుల వల్ల. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఈ సంఖ్య చేరతాయి. మరుసటి సెకనుకి మైనస్‌లోకి పడి 1901లోకి వెళ్ళిపోతాయి. 2014 డిసెంబరులో ఒక కొరియన్ పాట వ్యూస్ ఈ సంఖ్య దాటడంతో, యూట్యూబ్ తన కౌంటర్‌ని 64 బిట్లకి మార్చిన సంగతి చెప్పుకుంది. ఫోన్ నంబర్లని ఇంట్ రకం కాలమ్‌లో పెట్టి, డేటాబేస్ నిండా ఒకే 2147483647 కనిపించి జుట్టు పీక్కున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను.

లెక్కలవాళ్ళకి ఇంకో సరదా. ఘాతంలో ఉన్న 31 తానే ఒక మెర్సెన్ ప్రైమ్, 2⁵−1. మెర్సెన్ ప్రైమ్‌నే ఘాతంగా పెడితే మళ్ళీ ప్రైమ్ రావడం ఇప్పటిదాకా నాలుగుసార్లే కనిపించింది: 7, 127, మన సంఖ్య, 2¹²⁷−1. అయితే మన సంఖ్యనే ఘాతంగా పెట్టి ఇంకో మెట్టు ఎక్కితే? రాసుకోవడానికి అరవై కోట్లకు పైగా అంకెలు కావాల్సిన ఆ సంఖ్యని 295257526626031 భాగిస్తుంది. ఆ కారణాంకం కూడా ఆయిలర్ వడపోత చెప్పినట్టే ఉంది: అందులోంచి 1 తీసేసి మన సంఖ్యకి రెట్టింపుతో భాగిస్తే సరిగ్గా 68745. ఆ పెద్ద సంఖ్యని ఎవరూ రాయకుండానే దాని కారణాంకం పట్టుకున్నారు.

ఇరుగుపొరుగు చెప్పి ముగిస్తాను, అది మీ ప్రోగ్రాంని పరీక్షించడానికి కూడా పనికొస్తుంది. మన సంఖ్యకి కవల ప్రైమ్ లేదు. రెండు తక్కువది 5తో ముగుస్తుంది, రెండు ఎక్కువది 3 ఎక్కంలో ఉంది. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తరవాతది 2147483659. రెండోది ఇంట్‌లో పట్టదు. 2147483629ని మీ పాత ప్రోగ్రాంకి ఇస్తే ‘ప్రైమ్’ అని సరైన జవాబే వస్తుంది, కానీ తప్పు కారణంతో. 46341 దాటాక చుట్టు తిరుగుతున్న ఐ వర్గాలు ఎప్పుడో ఒకసారి ఆ 2147483629కీ 2147483647కీ మధ్యనున్న సందులో పడి లూప్‌ని ఆపేస్తాయి. అందుకని దాంతో పరీక్షించి ‘బాగానే ఉంది’ అనుకోకండి. సరిచేశాక మూడు ఇవ్వండి. 2147483647కి కన్ను మూసి తెరిచేలోపు ‘ప్రైమ్’ రావాలి. 2147483629కీ అంతే. 2147117569కి మాత్రం ‘కాదు’ రావాలి, అది 46337కి వర్గం; షరతులో ‘సమానం’ గుర్తు మర్చిపోయి ఉంటే మీ ప్రోగ్రాం దాన్ని ప్రైమ్ అనేస్తుంది.